గెడ మీద నూడుల్స్

పకీరిసామి ఇనపకడ్డీ పులుసుకుండలోకి దిగిన ప్రతిసారీ పాపాయికి ఒళ్లు మండిపోయేది. ఆరేళ్లుగా రోజూ మండుతూనే ఉంది. అలవాటు పడటమన్నది ఆమె వల్ల కాలేదు.

మలయా అడవుల్లో దాక్కున్న కమ్యూనిస్టులకు తిండి చేరకూడదని సర్కారు హుకుం. ఆ హుకుం ప్రకారం కొబ్బరి ఎస్టేటు గేటు దాటే ప్రతి గిన్నెకీ మూత తీయాలి, అడుగున బియ్యం మూట ఏదైనా దాచారేమోనని కడ్డీతో పొడిచి చూడాలి. పకీరిసామి గేటు కాపలాదారు. తమిళుడు, మంచివాడే. ఇంటి దగ్గర కనిపిస్తే నవ్వుతూ పలకరిస్తాడు. గేటు దగ్గర నిలబడ్డాడా, మనిషి కాస్తా కడ్డీ అయిపోతాడు.

"ఆ కడ్డీ ఎప్పుడైనా కడిగినావా తంబీ?" అంది పాపాయి ఆ బుధవారం మధ్యాహ్నం కూడా.

"రూలు అక్కా. నేనేం చేసేది," అన్నాడు పకీరిసామి, కడ్డీని కుండ అడుగున టకటకలాడిస్తూ.

అప్పుడే వెనకనుంచి సైకిల్ బెల్లు మోగింది. కాంతయ్యగారు వస్తున్నాడు. ఆయన ఎస్టేటు గుమాస్తా, అక్కడివాళ్ల మాటలో కిరాణీ. రేవు దగ్గర ఎండుకొబ్బరి తూకం చూడటానికి రోజూ అదే వేళకి బయల్దేరతాడు. హ్యాండిల్‌కి నాలుగు గిన్నెల కేరియర్ ఊగుతూ ఉంటుంది. పకీరిసామి కుండలోంచి కడ్డీ తీసి, పులుసు కారుతున్న ఆ చేత్తోనే సలాం కొట్టాడు. సైకిల్ ఆగకుండా గేటు దాటిపోయింది.

పాపాయి కుండకి మూత పెట్టి, చుట్టకుదురు సర్దుకుని, కుండ నెత్తికెత్తుకుంది. ఆ కేరియర్ సంగతి అడగనందుకు రేవుదాకా తనను తాను తిట్టుకుంటూనే నడిచింది.

రేవు దగ్గర ఆ లాన్ అనే చీనా ఆవిడ అప్పటికే పొయ్యి రాజేసి కూర్చుంది. ఆ లాన్‌ది సర్కారు చుట్టూ కంచె వేసి ఉంచిన చీనావాళ్ల కొత్త ఊరు. అక్కడినుంచి రోజూ పాసు చూపించి, ఒక బుట్టెడు పసుపు నూడుల్స్ తెస్తుంది. మలయాలో వాటిని 'మీ' అంటారు. ఆమె ఆ నూడుల్స్‌ని తీగ గరిటెలో వేసి, మరుగుతున్న నీళ్లలో మూడుసార్లు ముంచి, ఒక్క విదిలింపుతో నీరంతా రాల్చి చిప్పలో వేస్తుంది. పాపాయి దానిమీద పులుసు పోస్తుంది. నానబెట్టిన ఎండుమిరపకాయలు, ధనియాలు, ఎండురొయ్యలు, నిమ్మగడ్డి, అల్లంలాంటి లెంకువాస్ దుంప, ఇవన్నీ సన్నికల్లు మీద మెత్తగా నూరి, చింతపండు పులుసులో ఉడికించి, చిలగడదుంప మెదిపి చిక్కబరిచిన పులుసది. చివర్న కరివేపాకు తాలింపు. లైన్లలో, అంటే ఎస్టేటు ఇళ్ల వరసల్లో, ఉండే కూలీలూ రేవులోని పడవవాళ్లూ కొనుక్కుతింటూ దానికి 'పులుసు మీ' అని పేరు పెట్టారు. ఆ ఇద్దరు ఆడవాళ్లూ బజారు మలాయి భాషలో మాట్లాడుకుంటారు. ఇద్దరికీ వచ్చింది అంతంత మాత్రమే, అయినా పోట్లాడుకోవడానికి కూడా ఏనాడూ మాటలు తక్కువ కాలేదు.

తూకం పని అయ్యాక కాంతయ్య ఒక బస్తా మీద కూర్చుని, కూలీలందరూ వినేట్టు చెప్పాడు.

"శనివారం మెర్దెకా, సొతంత్రం! తెల్లోడి జెండా దిగిపోతాది, మన జెండా ఎగురుతాది. టౌను మైదానంలో మూడు పందిళ్లు. మలాయోళ్లకొకటి, చీనావోళ్లకొకటి, మనవోళ్లకొకటి. ఎవుళ్ల పందిట్లో ఆళ్ల వంటకం. జిల్లా ఆఫీసరు గారు స్వయంగా వొచ్చి రుచి సూస్తారు. మన పందిరి కమిటీకి నానే పెద్దని."

పాపాయి చేతిలో గరిటె ఉందన్న సంగతి కూడా మరచిపోయి ముందుకొచ్చింది.

"అయితే కిరాణీగారూ, మన పందిట్లో నాను పులుసు మీ పెడతాను. వెయ్యిమందికైనా సరే, సేసేస్తాను!"

కాంతయ్య ఆమె చేతిలోని గరిటెనీ, చిప్పలో ఆవిర్లు కక్కుతున్న నూడుల్స్‌నీ చూసి నవ్వాడు.

"అది చీనా తిండి కదేటే పాపాయీ. మన పందిట్లో చీనా తిండేటి? మనం లడ్డూలు పెడతాం. మా ఇంట్లో సేయిస్తున్నాను."

"పులుసు మనదే గదా బాబూ!"

"పులుసు మనదైతే ఏటి, నూడుల్స్ ఎవుళ్లవి?" అని ఆయన సైకిల్ ఎక్కాడు.

పాపాయి ముఖం చిన్నబోయింది. ఆ లాన్‌కి తెలుగు రాదు, కానీ ముఖాలు చదవడం వచ్చు. సంగతంతా అడిగి తెలుసుకుని, "ఇంతేనా కాకా!" అంది. కాకా అంటే అక్కా అని. "మా కమిటీ పెద్దని నేనడుగుతా. మా పందిట్లో పెడదాం."

అడిగింది కూడా. ఆ సాయంత్రమే ఒక చిప్పెడు పట్టుకెళ్లి వాళ్ల తౌకేకి, అంటే దుకాణదారు పెద్దమనిషికి, చూపించింది. మర్నాడు రేవు దగ్గర ఆ లాన్ మూతి ముడుచుకుని, తౌకేలాగే ముక్కు ఎగబీల్చి చూపించింది. ఆయన చిప్ప ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క తుమ్ము తుమ్మి, "ఇది ఇండియావాళ్ల వంట" అన్నాడట.

పాపాయి ఒక క్షణం తెల్లబోయింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ లాన్ కూడా నవ్వింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు అయిపోయాక పాపాయి కళ్లు తుడుచుకుంది. ఆ తడి నవ్వుదో ఏడుపుదో ఆమెకే తెలియలేదు.

"ఎవుళ్ల పందిరీ అక్కర్లేదు," అంది. "మైదానంలో బోల్డంత నేల ఉంది. నా పొయ్యి పట్టేపాటి జాగా దొరక్కపోతాదా? పెద్ద బుట్టతో నూడుల్స్ పట్టుకొచ్చీ."

ఆ లాన్ తలదించుకుంది. అసలు కబురు అప్పుడు చెప్పింది. పండగ రోజుల్లో కట్టుదిట్టం ఎక్కువ. శుక్రవారం నుంచి ఆదివారం దాకా కొత్త ఊరి కంచె దాటి తిండి వస్తువేదీ బయటికి పోకూడదు. మనుషులు మైదానానికి రావచ్చు, చేతులు మాత్రం ఖాళీగా ఉండాలి.

పాపాయి పమిట బిగించి దోపుకుంది.

"అయితే ఎలాగ సేస్తారో సెప్పు. నానే సేస్తాను."

ఆ లాన్ చెప్పింది. పిండి, ఉప్పు, నీళ్లు, వాటితో పాటు ఒక రకం క్షారపు నీళ్లు. ఆ నీళ్ల వల్లే నూడుల్స్‌కి పసుపు రంగూ, నమిలితే సాగే బిగువూ వస్తాయి. ఆమె ఆ నీళ్లు సీసాలో కొంటుంది. ఆ సీసా కూడా కంచె దాటదు. వాళ్ల నాన్న చీనాలో ఉన్నప్పుడు బూడిద నీళ్లు వాడేవాడట. పిండిని చేత్తో కాదు, లావుపాటి వెదురు గెడతో తొక్కాలి. గెడ ఒక కొస గోడకి బిగించి, రెండో కొస మీద కూర్చుని ఎగరాలి. ఎలా ఎగరాలో రేవులోనే బస్తాల మీద ఎగిరి చూపించింది. పడవవాళ్లు ఈలలు వేశారు.

బూడిద అనగానే పాపాయికి ప్రాణం లేచొచ్చింది. కొబ్బరితోటలో బూడిదకి కరువా! ఎండుకొబ్బరి కాల్చే బట్టీ దగ్గర పనిచేసే మనిషి ఆమె. కొబ్బరిపీచు బూడిద నానబెట్టి, ఆ తేటతోనే ఇరవై ఏళ్లుగా బట్టలు ఉతుకుతోంది.

గురువారం సాయంత్రం ఇంట్లో ఉన్న కాస్త పిండితో మొదటి విడత చేసింది. ఉత్సాహం ఆగక బట్టలకి పోసినంత తేటా పోసేసింది. నూడుల్స్ పచ్చగా, నిగనిగలాడుతూ వచ్చాయి. ఆమె మురిసిపోయి మొగుడు పెద్దన్న ముందు పెట్టింది. పెద్దన్న కొబ్బరికాయలు కోసే మనిషి, నెమ్మదస్తుడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మర్యాదకి రెండుసార్లు నమిలి, గుమ్మం అవతలికి వెళ్లి ఉమ్మేసి వచ్చాడు.

"ఏటి మావా?"

"నోరు శుభ్రంగా ఉతికినట్టుందే," అన్నాడు పెద్దన్న.

పాపాయి తనూ రుచి చూసింది. ఉత్త సబ్బు! మిగిలిన తేటలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. చురుక్కుమంది. నీళ్లు కలిపింది, మళ్లీ నాలిక మీద పెట్టుకుంది. ఇంకా కలిపింది. నాలిక మొద్దుబారిపోయేదాకా అలా చూస్తూనే ఉంది. చివరికి, చింతపండు చప్పరిస్తే మంట ఇట్టే పోయే పాళం ఒకటి దొరికింది. "ఇదీ! ఇదీ లెక్క!" అని అరిచింది. రెండో విడత ఉడికించి పెడితే పెద్దన్న ఏమీ అనకుండా తిని, చిప్ప మళ్లీ చాపాడు.

ఇక కావలసింది పిండి. మెర్దెకా కానుకగా ఎస్టేటు దొరగారు ఇంటింటికీ రెండేసి డబ్బాల గోధుమపిండి ఇప్పించాడు, పిండివంటలు చేసుకోమని. శుక్రవారం పని దిగిన వెంటనే పాపాయి లైన్ల వెంట పడింది. ప్రతి గుమ్మం ముందూ అదే మాట.

"ఒక్క డబ్బా ఇయ్యండమ్మా. మన లైన్ల పేరు మీద మైదానంలో పెడతాను."

"పందిట్లో జాగా లేదన్నారట గదే?" అంది పక్కింటి లెచ్చుమి.

"పందిట్లో లేదు. మైదానంలో ఉంది!"

లెచ్చుమి రెండు డబ్బాలూ తెచ్చి ఇచ్చేసింది. ఆమె ఇచ్చిందని రాసమ్మ ఇచ్చింది, రాసమ్మ ఇచ్చిందని తక్కినవాళ్లు ఇచ్చారు. గంట గడిచేసరికి పాపాయి అరుగు మీద పిండి గుట్టగా పోగుపడింది.

పెద్దన్న తన కాయలుకోసే గెడ తెచ్చాడు. ఎత్తైన చెట్టు గెలని నేలమీద నిలబడే అందుకునే గెడ అది. అన్నం పెట్టిన గెడ. దాని చివరి కొడవలి విప్పేసి, సన్నటి పై ముక్క ఊడదీసి, మొదలు ముక్క మాత్రం పెళ్లాం చేతిలో పెట్టాడు.

"ఇరగ్గొట్టకండే. సోమవారం మళ్లా పనికి కావాలి."

ఆ మొదలు ముక్క ఒక కొసని అరుగు స్తంభానికి తాడుతో వదులుగా కట్టారు. కింద కొబ్బరి ఆరబోసే చెక్క, చెక్క మీద పిండిముద్ద. పాపాయి రెండో కొస మీద కూర్చుని ఎగిరింది. గెడ కిర్రుమంది, పిండి అణిగింది. ఒక్కతి చాలలేదు. లెచ్చుమి వచ్చి వెనక కూర్చుంది. ఇద్దరూ ఎగిరారు. ఆ వీధి వీధంతా విరగబడి నవ్వింది. పిల్లల ఉయ్యాలాట అనుకున్నారేమో గానీ, నాలుగు ఎగుర్లు ఎగిరేసరికి నడుములు పట్టుకున్నారు. అయినా ఎవరూ దిగరు. "నా వొంతు! నా వొంతు!" అని ఒకరినొకరు తోసుకున్నారు. పెద్ద వయసు రాసమ్మ గెడ మీద కూర్చుని, "మెర్దెకా!" అని అరుస్తూ ఎగిరింది. అప్పట్నుంచి ఎగిరిన ప్రతివాళ్లూ అదే అరుపు. ముద్ద పల్చనైతే మడత పెట్టడం, మళ్లీ ఎగరడం. బాగా సాగాక చుట్ట చుట్టి, పెద్దన్న సానబట్టిన కొడవలితో పాపాయి సన్నగా, దారాల్లాగా కోసింది.

చీకటి పడబోతుండగా కిరాణీగారి భార్య రత్నావతి వచ్చింది. అందరూ నవ్వులు ఆపేశారు. ఆవిడ ఎప్పుడూ లైన్లలోకి రాదు. చేతులకి లడ్డూపాకం జిడ్డు ఇంకా ఉంది.

"నాను ఒకసారి కూకోనా?" అంది మెల్లిగా.

గెడ మీద జాగా ఇచ్చారు. ఆవిడ బెరుగ్గా కూర్చుని, ఒకసారి ఎగిరి, రెండోసారి కాస్త గట్టిగా ఎగిరి, మూడోసారికి చిన్నపిల్లలా నవ్వేసింది. దిగాక పాపాయి పక్కకొచ్చి, "బూడిద తేట ఎంత పోసినావమ్మా?" అని అడిగింది. పాపాయి తేట గరిటెడు ఆవిడ అరచేతిలో పోసి, నాలిక మీద పెట్టుకుని చూసుకోమంది.

శనివారం పొద్దున్న ఎస్టేటు లారీ గేటు దగ్గర ఆగింది. ముందు సీట్లో కాంతయ్య, ఒళ్లో లడ్డూల డబ్బాలు. వెనక ఆడవాళ్లు, ఆరు బుట్టల నూడుల్స్, నాలుగు కుండల పులుసు. పకీరిసామి చొక్కాకి చిన్న కాగితం జెండా గుచ్చుకున్నాడు. చేతిలో కడ్డీ మాత్రం అదే.

"ఇయ్యాళ కూడానా?" అంది పాపాయి. ఆమెకి నిజంగా నమ్మకం కలగలేదు.

"ఆర్డరు మారలేదు అక్కా." వాడి గొంతు చిన్నగా వచ్చింది.

ముందు సీట్లోని డబ్బాలవైపు వాడు చూడనైనా లేదు. బుట్టల్లో పొడిచాడు. ఆరింట్లోనూ. ఆడవాళ్లందరూ రాత్రికి నడుములు పట్టేసేదాకా ఎగిరి చేసిన నూడుల్స్ కడ్డీ కింద తెగాయి. పాపాయి విరిగిన ముక్కల్ని చేత్తో అడుక్కి తోసి, పైన బట్ట కప్పింది. లారీ కదిలాక, "ఏడవకండి. ఇరిగినా పులుసులో మునిగిపోతాయి," అంది. తనకి తనే చెప్పుకుంది.

మైదానం కిటకిటలాడిపోతోంది. జెండాలు, బూరాలు, కొత్త బట్టలు, ఎక్కడ చూసినా మెర్దెకా కేకలు. మూడు పందిళ్లూ మూడు వైపుల, అలంకరించి ఉన్నాయి. చీనా పందిరికీ మన పందిరికీ నడుమ మురుగుకాలవ పక్కన కాస్త ఖాళీ ఉంది. పాపాయి అక్కడే మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. లెచ్చుమి ఉల్లిపాయలు వేయించింది. తాలింపు చిటపటలాడి, ఆ ఘాటు గాలిలో పడి రెండు పందిళ్లలోకీ వెళ్లింది.

మొదట ఎవరూ రాలేదు. పాపాయి చిప్పలు తుడిచింది, మళ్లీ తుడిచింది. ఇంతలో కొత్త నీలం జాకెట్టు, కొత్త లాగు వేసుకుని ఆ లాన్ వచ్చింది. కంచె దగ్గర వెతికి పంపారట, చేతిలో తీగ గరిటె ఒక్కటే ఉంది. అది తిండి వస్తువు కాదు కదా!

"ముందు నాకు పెట్టు," అంది.

పాపాయి పెట్టింది. ఆ లాన్ చిప్పతో ఇచ్చిన తినే పుల్లలతో నూడుల్స్ ఎత్తి, వెలుతురులో చూసి, వాసన చూసి, నోట్లో పెట్టుకుంది. నమిలింది. పాపాయికి వెయ్యిమంది మెచ్చుకున్నా మెచ్చకపోయినా సరే, ఈ మనిషి మెచ్చుకోవాలి.

"బూడిద దేనిది?" అంది ఆ లాన్ చివరికి.

"కొబ్బరి పీచుది."

"నాకు సంచెడు కావాలి. నువ్వు నేర్పించాలి," అని, ఆ లాన్ చిప్ప పక్కన పెట్టి, జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, పొయ్యి దగ్గర తన చోట కూర్చుని గరిటె మరుగునీళ్లలో ముంచింది.

పాపాయికి ఆ మాటతో రెక్కలొచ్చాయి.

తర్వాత జనం వచ్చిన తీరు చెప్పనలవి కాదు. ముందు పడవవాళ్లు. వాళ్లని చూసి చీనా కుర్రకారు. మలాయి పందిట్లోంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చి, పంది కొవ్వు ఏమైనా వేశారా అని జాగ్రత్తగా అడిగారు. "లేదు, లేదు, ఉత్త కొబ్బరినూనె!" అని పాపాయి గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. వాళ్లు తిని, వెళ్లి, తమ పందిరిలో సగంమందిని వెంటబెట్టుకొచ్చారు. మురుగుకాలవ పక్కనుంచి వరస మైదానం మధ్యదాకా పాకింది.

ఆ వరసని జిల్లా ఆఫీసరు దూరంనుంచి చూసి ఇటే వస్తున్నాడన్న కబురు అందింది. అంతే, కాంతయ్య పరుగున వచ్చాడు.

"పాపాయీ, పొయ్యి తియ్యి. మన పందిట్లోకి రా. ఇది మన ఎస్టేటు వంట!"

అవతలినుంచి తౌకే కూడా వచ్చాడు. "నూడుల్స్ చీనావాళ్లవి. మా పందిట్లోకి తీసుకురండి," అన్నాడు మలాయిలో. ఇద్దరు పెద్దమనుషులూ ఆమె పొయ్యికి అటొకరు ఇటొకరు నిలబడి వాదులాడుకున్నారు. పులుసు ఎవరిది, నూడుల్స్ ఎవరివి, పొయ్యి ఎవరి నేల మీద ఉంది.

పాపాయి గరిటె ఎత్తి వాళ్లిద్దరికీ వరస చివర చూపించింది.

"మొన్న ఇద్దరూ వొద్దన్నారు గదా బాబూ. కావాలంటే అదిగో, ఆ సివరికెళ్లి నిలబడండి."

వరసలో నవ్వులు పేలాయి. ఆఫీసరు వచ్చి, ఒక చిప్ప తిని, ఇంకోటి అడిగాడు. ఇది ఎవరి వంటకం అని ఆయనా అడగలేదు, పాపాయీ చెప్పలేదు. రెండు గంటలయ్యేసరికి కుండలు ఖాళీ. కడ్డీకి విరిగిన ముక్కలు కూడా ఊడ్చుకు తినేశారు.

సాయంత్రం లారీ గేటు దగ్గర ఆగితే పాపాయి దిగింది. ఒక్క పొట్లం మాత్రం ఆమె దాచింది, అరిటాకులో కట్టి. దాన్ని పకీరిసామి చేతిలో పెట్టింది. వాడి రెండో చెయ్యి అలవాటుగా కడ్డీమీదికి పోయింది. మధ్యలోనే ఆగిపోయింది.

"పొడువు, పరవాలేదు," అంది పాపాయి. "ఆరేళ్లు నా కుండలో పొడిసినావు, ఏనాడైనా రుచి సూసినావా తంబీ? పోనీ, కిరాణీగారి కేరియర్‌లో ఒక్కనాడైనా పొడిసినావా?"

పకీరిసామి ముఖం వాడిపోయింది. కడ్డీ గోడకి చేర్చి, పొట్లం పట్టుకుని కాపలా గదిలోకి పోయాడు.

సోమవారం ఎప్పటిలాగే తెల్లవారింది. పెద్దన్న గెడకి కొడవలి కట్టుకుని పనికి పోయాడు. స్వతంత్రం వచ్చినా గేటు హుకుం మారలేదు. మధ్యాహ్నం పాపాయి కుండ దించేసరికి పకీరిసామి కాపలా గదిలోంచి వచ్చాడు. కడ్డీ తోమి తోమి తెల్లగా మెరుస్తోంది.

"ఎక్కడ పొడవమంటావక్కా?"

పాపాయి మూత తనే తీసింది. "ఓ వారకి," అంది. వాడు వారగా ఒకసారి ముంచి తీశాడు.

సైకిల్ బెల్లు మోగింది. కాంతయ్యగారు సలాం కోసం చూస్తూ వస్తున్నాడు. పకీరిసామి దారికి అడ్డంగా కడ్డీ చాపాడు.

"కిరాణీ ఐయా, కేరియర్ తెరవాలి. రూలు."

"నాదా?" అన్నాడు కాంతయ్య. ఒక కాలు నేలమీద ఆనించి, పాపాయివైపూ, పకీరిసామివైపూ చూశాడు. వెనక రేవుకి పోయే కూలీలు పోగవుతున్నారు. ఇక దారి లేక కేరియర్ విప్పాడు. మొదటి గిన్నెలో లడ్డూలు, మిగిలిపోయినవి. రెండో గిన్నె మూత ఎత్తేసరికి ఎండురొయ్యల పులుసు వాసన గుప్పుమంది. దారాల్లాంటివి కావు గానీ, పచ్చటి నూడుల్సే. రత్నావతి చేత్తో కోసినవి.

కాంతయ్య చెవులదాకా ఎర్రబడ్డాడు. పకీరిసామి కడ్డీ ఎత్తినవాడు ఎత్తినట్టే నవ్వు ఆపుకుంటున్నాడు. పాపాయికి శనివారం వరసని చూసినప్పుడు కూడా ఇంత సంబరం కలగలేదు. వంగి గిన్నెలోకి చూసింది, ఒక నూడుల్ తీసి నోట్లో వేసుకుంది.

"అమ్మగారికి బూడిద తేట పాళం కుదిరింది బాబూ," అంది కుండ నెత్తికెత్తుకుంటూ. "చింతపండు ఇంకొంచెం పడాలని సెప్పండి."